పచ్చి బర్రెపాలతో ఒక అయోడిన్, రెండు అయోడిన్లు: మా ఎమ్మెస్సీ ప్రాజెక్టు డైరీ

నవంబర్, టాపిక్ ఖరారైన వారం

రిజిస్టర్‌లో పెద్ద పేరే రాశాం: "లాక్టోపెరాక్సిడేజ్ ఎంజైమ్ ద్వారా టైరోసిన్ అయోడినేషన్". థైరాయిడ్ గ్రంథి రాత్రింబవళ్లు చేసే పనిలో తొలి మెట్టును హన్మకొండలోని మా ల్యాబ్‌లో, పరీక్షనాళికలో చేసి చూడాలన్నది అసలు సంగతి.

టైరోసిన్ మనం తినే పప్పులో, పాలలో, గుడ్డులో అన్నిట్లో ఉండే అమైనో ఆమ్లమే. దాని ఒక కొసన బెంజీన్ వలయం (ఆరు కార్బన్ల చక్రం), ఆ వలయానికి ఒక ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉంటాయి. ఆ ఓహెచ్‌కు ఎడమన, కుడిన రెండు ఖాళీ చోట్లు. ఒక చోట అయోడిన్ చేరితే అది మోనోఅయోడోటైరోసిన్, క్లుప్తంగా ఎంఐటీ. రెండు చోట్లా చేరితే డైఅయోడోటైరోసిన్, డీఐటీ. ఒక ఎంఐటీ, ఒక డీఐటీ జతకడితే టీ3 హార్మోన్. రెండు డీఐటీలు జతకడితే టీ4, అంటే థైరాక్సిన్. రక్తపరీక్ష కాగితం మీద కనిపించే 3, 4 అంకెలు ఆ అణువులో ఉన్న అయోడిన్ల లెక్కే.

టీ3, టీ4 గురించి ఇంటింటా తెలుసు. థైరాయిడ్ గోలీ వేసుకునే మనిషి లేని వాడ మా వైపు కనిపించదు. వాటికి ముందుండే ఎంఐటీ మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక బాణం గుర్తు కింద పోతుంది. అందుకే దాన్నే పట్టుకున్నాం. మా ప్రశ్న ఒక్కటే: టైరోసిన్ మీదికి ఒక్క అయోడిన్ ఎక్కి ఆగిపోతుందా, రెండోది కూడా ఎక్కుతుందా అనేది దేన్ని బట్టి ఉంటుంది?

గ్రంథిలో ఈ పని చేసేది థైరాయిడ్ పెరాక్సిడేజ్. అది కణం పొరలో కూరుకుని ఉంటుంది. బయటికి తీయాలంటే డిటర్జెంట్లు, పెద్ద సెంట్రిఫ్యూజ్ కావాలి. కొందామంటే ధర మా ప్రాజెక్టు మొత్తం బడ్జెట్‌ను దాటుతుంది. దాని చుట్టం ఒకటి చవగ్గా దొరుకుతుంది. పచ్చి పాలల్లో ఉండే లాక్టోపెరాక్సిడేజ్. రెండూ ఒకే కుటుంబపు హీమ్ (ఇనుమున్న రంగు పదార్థం) ఎంజైమ్‌లు. రెండూ హైడ్రోజన్ పెరాక్సైడ్ బలంతో అయోడైడ్‌ను (ఉప్పు రూపంలోని అయోడిన్‌ను) చురుకైన రూపానికి మార్చి టైరోసిన్‌కు అంటిస్తాయి. నా ప్రాజెక్టు జోడీది నర్సంపేట దగ్గర ఊరు, ఇంట్లో బర్రెలున్నాయి. దాంతో సార్ సంతకం పెట్టేశారు.

డిసెంబర్ మొదట్లో

ఎంజైమ్ జోలికి పోకముందు, ఎంజైమ్ లేకుండా ఏమవుతుందో చూడమన్నారు సార్. పోల్చడానికి ఒక ఆధారం ఉండాలి కదా.

పాత పద్ధతుల్లో టైరోసిన్‌ను గాఢ అమోనియాలో కరిగించి అయోడిన్ కలుపుతారు. ఇది చదవగానే సార్ పేజీ మీద పెన్నుతో అడ్డంగా గీసేశారు. అయోడిన్, గాఢ అమోనియా కలిస్తే నైట్రోజన్ ట్రైఅయోడైడ్ అనే నల్లటి మడ్డి ఏర్పడే వీలుంది. తడిగా ఉన్నంతసేపు ఊరుకుంటుంది, ఎండితే పక్షి ఈక తగిలినా పేలుతుంది. మా ఫిల్టర్ కాగితాలు ఎక్కడెక్కడ ఎండుతుంటాయో మాకు తెలుసు కాబట్టి వాదించలేదు. ఎవరైనా ఈ డైరీ చూసి చేయాలనుకుంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: అయోడిన్ సీసా, అమోనియా సీసా ఒకే బల్ల మీద వద్దు.

మేం పీహెచ్ 9 బోరేట్ బఫర్ (పీహెచ్‌ను మారకుండా నిలిపే ద్రావణం) తీసుకున్నాం. టైరోసిన్ నీళ్లలో కరగడానికి మొండికేస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు అర గ్రాము కూడా కరగదు. కొంచెం సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, తర్వాత బఫర్‌లో కలిపాం. బ్యూరెట్‌లో అయోడిన్, పొటాషియం అయోడైడ్ ద్రావణం పోసి చుక్కచుక్కగా వదిలాం. ముదురు గోధుమ రంగు చుక్క పడ్డం, పడీపడగానే మాయమవడం. చూడటానికి భలే ఉంటుంది. మాయమైన అయోడిన్‌లో సగం వలయం మీదికి ఎక్కుతుంది, మిగతా సగం అయోడైడ్‌గా నీళ్లలోకి పోతుంది.

లెక్కప్రకారం ఒక టైరోసిన్‌కు ఒక అయోడిన్ అణువు ఇచ్చాం. అంతా ఎంఐటీయే రావాలని మా ఆశ. టీఎల్‌సీ ప్లేటు (ద్రావకం పైకి పాకుతూ పదార్థాలను విడదీసే పలక) మీద బ్యూటనాల్, ఎసిటిక్ ఆమ్లం, నీరు నడిపించి, అమైనో ఆమ్లాలకు రంగు తెచ్చే నిన్‌హైడ్రిన్ చల్లి ఓవెన్‌లో పెడితే ఊదా రంగు మచ్చలు మూడు. కింద మిగిలిపోయిన టైరోసిన్, మధ్యలో ఎంఐటీ, పైన డీఐటీ. అయోడిన్ ఎక్కే కొద్దీ అణువు నీటిని వదిలి బ్యూటనాల్‌తో పోతుంది కాబట్టి పైకి పాకుతుంది. కొంత టైరోసిన్‌కు ఏమీ అంటనే లేదు, కొంతదానికి రెండేసి అంటాయి.

కారణం పుస్తకంలో దొరికింది. టైరోసిన్ మీద ఓహెచ్ తన హైడ్రోజన్‌ను వదలాలంటే పీహెచ్ 10 దాకా పోవాలి. ఒక అయోడిన్ ఎక్కగానే అది 8.2కు దిగుతుంది, రెండెక్కితే దాదాపు 6.4కు. హైడ్రోజన్ వదిలేసిన రూపమే అయోడిన్‌తో చప్పున కలుస్తుంది. అంటే మొదటి అయోడిన్ ఎక్కిన టైరోసిన్, మా బఫర్‌లో, రెండోదానికి మరింత సిద్ధంగా కూర్చుంటుంది. అయోడిన్ అంటించడం కష్టం కాదు. ఒక్కదాని దగ్గర ఆపడమే కష్టం.

ఈ వారం ఇంకో సంగతి చదివాను. డీఐటీని మొదట కనుక్కున్నది థైరాయిడ్‌లో కాదు, సముద్రంలో! 1896లో డ్రెక్సెల్ అనే శాస్త్రవేత్త గోర్గోనియా అనే పగడపు జాతి నుంచి దాన్ని తీశాడు. హారింగ్టన్, రాండాల్ దాన్ని థైరాయిడ్ నుంచి విడదీసింది 1929లో. ఎంఐటీ అయితే ఇంకా ఆలస్యం, 1948లో గానీ బయటపడలేదు. అప్పటికి రేడియో అయోడిన్ చేతికొచ్చింది, ఫింక్ దంపతులు దాని సాయంతో పట్టుకున్నారు. థైరాక్సిన్‌ను కెండాల్ 1914లోనే స్ఫటికాలుగా తీశాడు. తయారైన సరుకు ముందు దొరికి, ముడిసరుకు మూడు దశాబ్దాల తర్వాత దొరకడం నాకు విచిత్రంగా అనిపించింది.

జనవరి, సంక్రాంతి సెలవుల తర్వాత

పాలు వచ్చాయి. జోడీ తెల్లవారుజామున పితికించి, థర్మకోల్ డబ్బాలో ఐసు మధ్య పెట్టి, నర్సంపేట బస్సులో హన్మకొండకు తెచ్చింది. పాలు ఇచ్చేటప్పుడు వాళ్లమ్మ అడిగిందట, "గీ పాలతోని థైరాయిడ్ మందు జేస్తరా బిడ్డా?" అని. "మందు గాదే అమ్మా, మందుకు ముందటి ముచ్చట" అని చెప్పి వచ్చిందట. మా సినాప్సిస్ కంటే ఇదే నయం.

మొదటి పరీక్ష గ్వాయకాల్‌తో, పెరాక్సిడేజ్ ఉంటే రంగు తిరిగే పదార్థం అది. పాలను బఫర్‌లో పల్చన చేసి, గ్వాయకాల్, రెండు చుక్కల పల్చని పెరాక్సైడ్ వేశాం. పచ్చి పాలు ఇటుక రంగుకు తిరిగాయి. మరగబెట్టినవి తెల్లగానే ఉండిపోయాయి. ప్యాకెట్ పాలు కూడా పెట్టి చూశాం. అవీ రంగు తిరిగాయి! పాశ్చరైజేషన్‌లో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు మాత్రమే ఉంచుతారు, ఈ ఎంజైమ్ దానికి లొంగదు. 80 దాటితేనే చస్తుంది. అంటే మాకు బర్రె లేకపోయినా పని నడిచేది. ఈ మాట జోడీకి చెప్తే ఒప్పుకోలేదు, "ప్యాకెట్ పాలల్ల ఏం గలుస్తదో ఎవలకెర్క" అంది.

ఇక పాలను విరగ్గొట్టడం. ఈ పనికి బర్రెపాల వెన్న పెద్ద తలనొప్పి. ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేలిన వెన్న తీసేశాం. పల్చని ఎసిటిక్ ఆమ్లం చుక్కలుగా వేస్తూ పీహెచ్ 4.6కు దింపితే పాలలోని ముఖ్య ప్రొటీన్ కేసిన్ ముద్దలు కట్టింది. మస్లిన్ గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లను వెంటనే 7కు తెచ్చాం. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే ఎంజైమ్ దెబ్బతింటుంది. కేసిన్‌ను తీసేయడం ఎందుకంటే దాంట్లోనూ టైరోసిన్ బాగా ఉంటుంది. మనం ఇచ్చే అయోడిన్ అంతా అదే లాక్కుంటుంది. ఆ గుణాన్నే వాడుకుని అయోడిన్ పట్టించిన కేసిన్‌తో థైరాక్సిన్ పుట్టించవచ్చని 1939లో జర్మనీలో లుడ్విగ్, మ్యూట్జెన్‌బెకర్ చూపించారు.

విరుగుడు నీళ్లు చేతికొచ్చాయి. కొంచెం పసుపు పచ్చగా, వాసన మామూలుగా ఉంది. గ్వాయకాల్ పెడితే ఎర్రగా వచ్చింది. ఎంజైమ్ ఉన్నట్టే.

మరుసటి వారం

ఉన్నట్టే గానీ పని చేయలేదు.

టైరోసిన్, పొటాషియం అయోడైడ్, విరుగుడు నీళ్లు క్యువెట్‌లో (కాంతిని పంపి చూసే చిన్న పారదర్శక గొట్టంలో) వేసి, పెరాక్సైడ్ చేర్చి 290 నానోమీటర్ల కాంతిని ఎంత పీలుస్తోందో చూస్తూ కూర్చున్నాం. టైరోసిన్ 275 చుట్టూ కాంతిని పీల్చుకుంటుంది. ఎంఐటీ 283 వైపు జరుగుతుంది, అంతకంటే గట్టిగా పీలుస్తుంది. అందుకే 290 దగ్గర అంకె పెరుగుతుంటే ఎంఐటీ పుడుతోందని అర్థం. మా అంకె కదలనే లేదు. పెరాక్సైడ్ మాత్రం ఖాళీ అయిపోతోంది. 240 దగ్గర అది తగ్గడం కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు సార్ ఒక్కటే అంటారు: "తిన్నదెవరో వెతకండి." పాలల్లో పెరాక్సైడ్‌ను తినే అనుమానితులు ఇద్దరు. ఒకటి కేటలేజ్ ఎంజైమ్. రెండోది థయోసైనేట్. లాక్టోపెరాక్సిడేజ్‌కు పాలల్లో సహజంగా ఇష్టమైన సరుకు ఈ థయోసైనేటే. దాన్ని హైపోథయోసైనైట్‌గా మార్చి బ్యాక్టీరియాను అడ్డుకోవడమే పాలల్లో దీని ఉద్యోగం. పల్లెల్లో చల్లబరిచే సౌకర్యం లేని చోట పాలు విరగకుండా కాసేపు నిలపడానికి కూడా ఈ గుణాన్నే వాడతారు. పెళ్లి భోజనాల్లో మొదటి బంతిలో కూర్చున్నవాళ్లే కూరంతా ఖాళీ చేస్తే వెనకాల నిలబడ్డవాళ్లకు ఏం మిగులుతుంది? మా అయోడైడ్ పరిస్థితి అదే.

రుజువు తేలిక. విరుగుడు నీళ్లకు ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపి ప్రొటీన్‌ను దింపేసి, పైనున్న తేట నీటిలో ఫెర్రిక్ నైట్రేట్ వేశాం. లేత ఎరుపు వచ్చింది. ఇనుము, థయోసైనేట్ కలిస్తే వచ్చే రంగు అది.

ఇలాంటి పోటీతోనే థయోసైనేట్ మనుషుల థైరాయిడ్‌కూ అడ్డం పడుతుంది. కర్రపెండలం లాంటి వాటిని సరిగా వండకుండా రోజూ తినే, అయోడిన్ తక్కువున్న ప్రాంతాల్లో గళగండం పెరగడానికి అదొక కారణమని తేలింది. గ్రంథిలోకి అయోడైడ్ ప్రవేశించే ద్వారం దగ్గరే థయోసైనేట్ పోటీకి వస్తుంది. మా క్యువెట్‌లో ద్వారం లేదు, కానీ పోటీ ఉంది. పాఠంలో ఒక పేరాగా చదివినదాన్ని నర్సంపేట పాలల్లో చూడటం నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం.

జాతర వారం

మేడారం జాతరకు బస్సులన్నీ అటే. పాలు రాలేదు, మేమూ అడగలేదు. జోడీ కుటుంబంతో బెల్లం మొక్కుకు పోయింది. నేను ఫ్రిజ్‌లో ఉన్న విరుగుడు నీళ్లను డయాలిసిస్ గొట్టంలో (థయోసైనేట్ లాంటి చిన్న అణువులను బయటికి వదిలి ప్రొటీన్లను ఉంచుకునే పొర) నింపి, చల్లటి బఫర్‌లో వేలాడదీసి, మధ్యమధ్యలో బఫర్ మారుస్తూ ఉన్నాను. గొట్టాన్ని ముందు బైకార్బొనేట్, ఈడీటీఏ కలిపిన నీళ్లలో ఉడికించాలి. లేదంటే తయారీలో మిగిలిన లోహాలు ఎంజైమ్‌ను తినేస్తాయి.

డయాలిసిస్ తర్వాత ఫెర్రిక్ నైట్రేట్ పరీక్షలో ఎరుపు రాలేదు. 290 దగ్గర అంకె మెల్లగా పెరగడం మొదలైంది. కరెంటు పోయి స్పెక్ట్రోఫోటోమీటర్ (ఈ అంకెలు చూపే యంత్రం) లాంపు మళ్లీ వేడెక్కేదాకా కూర్చోవాల్సి వచ్చినా కోపం రాలేదు.

ఫిబ్రవరి రెండో సగం

డయాలిసిస్ చేసినా విరుగుడు నీళ్లలో మిగతా ప్రొటీన్లు ఉన్నాయి. బీటా లాక్టోగ్లోబ్యులిన్‌లోని సల్ఫర్ గుంపు అయోడిన్‌ను మింగుతుంది, ఆ ప్రొటీన్లలోని టైరోసిన్లూ మింగుతాయి. కాబట్టి కాలమ్ నడిపాం.

ఇక్కడ మాకు అదృష్టం కలిసొచ్చింది. పాల విరుగుడులోని ప్రొటీన్లు చాలావరకు ఆమ్ల స్వభావం గలవి, పీహెచ్ 7లో రుణావేశంతో ఉంటాయి. లాక్టోపెరాక్సిడేజ్ మాత్రం క్షార స్వభావం గలది, ధనావేశంతో ఉంటుంది. రుణావేశం గల కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌ను పెద్ద సిరంజి గొట్టంలో గ్లాస్ ఉన్ని మీద నింపి పోస్తే, మిగతావన్నీ కిందికి జారిపోయి, మనకు కావలసింది పట్టుకుని ఉండిపోతుంది. తర్వాత ఉప్పు ద్రావణం గాఢత పెంచుతూ కడిగితే కిందికి దిగింది. దిగిన భాగం లేత ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉంది. ఆ రంగు హీమ్ వల్ల. 412 నానోమీటర్ల దగ్గర ముక్కు లాంటి శిఖరం. ల్యాక్టోఫెర్రిన్ అనే ఇంకో ప్రొటీన్ కూడా దాంతో వస్తుంది గానీ మాకు దాంతో గొడవ లేదు.

శుద్ధత బ్రహ్మాండం అనలేను. వాణిజ్యపరంగా అమ్మే ఎంజైమ్‌లో 412 (హీమ్), 280 (మొత్తం ప్రొటీన్) అంకెల నిష్పత్తి 0.9 దగ్గర ఉండాలి, మాది అందులో సగం కూడా రాలేదు. మాకు సరిపోయింది. చిన్నచిన్న గొట్టాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. పాల మోత ముగిసింది.

మార్చి మొదటి వారం: అసలు ప్రయోగం

బఫర్ పీహెచ్ 7. టైరోసిన్ అర మిల్లీమోలార్. ఎంజైమ్ కొంచెం. అయోడైడ్‌ను మాత్రం మార్చుతూ పోయాం. ఒక వరుసలో టైరోసిన్‌లో ఐదో వంతు అయోడైడ్, ఇంకో వరుసలో సమానం, మూడోదాంట్లో రెట్టింపు. పెరాక్సైడ్ అయోడైడ్‌కు సరిసమానంగా.

పెరాక్సైడ్‌ను ఒకేసారి పోస్తే ప్రతిచర్య మధ్యలో ఆగిపోయింది. ఈ జాతి ఎంజైమ్‌లన్నిటికీ ఉన్న జబ్బే అది. ఎక్కువ పెరాక్సైడ్ వాటి హీమ్‌ను కాల్చేస్తుంది. మైక్రోపిపెట్‌తో కొంచెంకొంచెంగా, గ్యాప్ ఇస్తూ వేస్తే చివరిదాకా నడిచింది. గ్రంథిలో కూడా పెరాక్సైడ్‌ను పక్కనే ఉన్న డువాక్స్2 అనే ఎంజైమ్ అక్కడికక్కడే, అవసరమైనంత తయారుచేస్తుంది. ఆ డువాక్స్2 జన్యువు పాడైన పిల్లలు పుట్టుకతోనే థైరాయిడ్ లోపంతో పుట్టవచ్చు. అయోడిన్ ఉంది, ఎంజైమ్ ఉంది, పెరాక్సైడ్ లేదు. ఇంత చిన్న వస్తువు దగ్గర ఎంత కథ ఆగుతుందో!

ఇంకో ఇబ్బంది రీడింగ్‌లో. అయోడిన్, అయోడైడ్ కలిస్తే ట్రైఅయోడైడ్ పుడుతుంది. అది కూడా 288 దగ్గర కాంతిని మింగుతుంది. కాబట్టి 290 మీద పెరిగిన ప్రతి అంకెనూ ఎంఐటీ ఖాతాలో వేసుకోకూడదు. ట్రైఅయోడైడ్‌కు 352 దగ్గర ఇంకో శిఖరం ఉంటుంది. అక్కడ కూడా చూసి, ఉందనిపిస్తే ఒక చుక్క థయోసల్ఫేట్ వేసి దాన్ని చంపేసి, అప్పుడు 290 చదివాం.

డీఐటీని విడిగా చూడటానికి జోడీ పట్టిన కిటుకు నాకు నచ్చింది. పీహెచ్ 7లో డీఐటీ చాలామటుకు హైడ్రోజన్ వదిలేసి ఉంటుంది, ఎంఐటీ ఎక్కువగా వదలదు. హైడ్రోజన్ వదిలిన డీఐటీ 311 దగ్గర పీలుస్తుంది. అంటే 311 దగ్గర భుజం లేస్తే రెండో అయోడిన్ ఎక్కినట్టు. బఫర్ మార్చకుండానే రెండూ తెలుస్తాయి.

ఫలితం: అయోడైడ్ ఐదో వంతు ఉన్న గొట్టంలో 290 పెరిగింది, 311 దగ్గర దాదాపు ఏమీ లేదు. సమానం ఉన్నదాంట్లో చిన్న భుజం. రెట్టింపులో స్పష్టమైన గుట్ట. ద్రావణాలను పక్క డిపార్ట్‌మెంట్ రోటరీ ఎవాపొరేటర్‌లో గాఢం చేసి, ఆమ్లం కలిపిన మిథనాల్‌లో తీసుకుని టీఎల్‌సీ పెట్టాం. పక్కన హైదరాబాద్ డీలర్ దగ్గర కొన్న అసలు ఎంఐటీ చుక్క. మొదటి గొట్టంలో సరిగ్గా దాని ఎత్తులోనే ఒక మచ్చ, కింద బోలెడు టైరోసిన్. మూడోదాంట్లో డీఐటీ మచ్చ ఎంఐటీని దాటేసింది.

డిసెంబర్‌లో ఎంజైమ్ లేకుండా రానిది ఇప్పుడెలా వచ్చిందని వాదించవచ్చు. ఎంజైమ్ మాయ చేసిందని మేం అనం. అప్పుడు పీహెచ్ 9, అయోడిన్ సమానంగా ఇచ్చాం. ఇప్పుడు పీహెచ్ 7, అయోడిన్ కరువు. కరువులో చేతికందిన ప్రతి అయోడిన్ ఎదురుగా దొరికే టైరోసిన్ మీదికే ఎక్కుతుంది, రెండోసారి ఎంఐటీని వెతుక్కునే అవకాశం తక్కువ.

ఇది గ్రంథిలోనూ జరిగేదే. అయోడిన్ తక్కువైన మనిషి థైరాయిడ్‌లో డీఐటీతో పోలిస్తే ఎంఐటీ వాటా పెరుగుతుంది. ఎంఐటీ పెరిగితే జతకట్టేటప్పుడు టీ4తో పోలిస్తే టీ3 వాటా పెరుగుతుంది. టీ3కి ఒక అయోడిన్ తక్కువ ఖర్చు, పైగా పనిలో టీ4 కంటే అదే చురుకు. కరువు రోజుల్లో ఒంటికి ఇది పొదుపు. అయినా కొంతవరకే ఆదుకుంటుంది. తర్వాత గ్రంథి వాచడం మొదలవుతుంది.

మార్చి చివర, ఎండలు ముదిరాక

మెథిమజోల్ పరీక్ష. హైపర్ థైరాయిడ్‌కు, అంటే గ్రంథి మితిమీరి పనిచేసే జబ్బుకు, ఈ పెరాక్సిడేజ్‌ను ఆపడానికి ఇచ్చే మందు ఇది. మన దగ్గర ఎక్కువగా వాడే కార్బిమజోల్ కూడా ఒంట్లోకి పోయాక మెథిమజోల్‌గానే మారుతుంది. ఫార్మసీ వాళ్ల దగ్గర చిటికెడు తెచ్చి కలిపితే 290 అంకె కదల్లేదు. పనిచేస్తుందని ముందే తెలుసు కాబట్టి దీని గురించి ఎక్కువ రాయను.

ఉప్పు సంగతి మాత్రం రాయాలి. చేతిలో థయోసల్ఫేట్, పిండిద్రావణం, అయోడైడ్ అన్నీ ఉన్నాయి. క్లాసులో అందరినీ ఇంటి ఉప్పు తెమ్మన్నాం. మామిడికాయ పచ్చళ్ల కాలం, కాబట్టి కొందరు దొడ్డుప్పు తెచ్చారు. మన ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్. ఆమ్లంలో దానికి అయోడైడ్ తగిలిస్తే ఒక అయోడేట్‌కు మూడు అయోడిన్ అణువులు బయటికొస్తాయి. థయోసల్ఫేట్‌తో నీలం పోయేదాకా టైట్రేట్ చేయాలి. 10 గ్రాముల ఉప్పు, 0.005 మోలార్ థయోసల్ఫేట్ అయితే ఒక్కో మిల్లీలీటరుకు 10.58 పీపీఎం (కిలో ఉప్పుకు మిల్లీగ్రాములు) అయోడిన్. తయారీ దగ్గర 30 పీపీఎం, ఇంటికి చేరేసరికి కనీసం 15 ఉండాలన్నది నియమం. ప్యాకెట్ ఉప్పులు దాటాయి. కిరాణా కొట్టులో విడిగా తూకం వేసిచ్చిన ఒక దొడ్డుప్పులో నీలం రంగే రాలేదు. పచ్చడికి ఆ ఉప్పు వేసుకోవడం పెద్ద నష్టం కాదు, కూరలో కూడా అదే వాడితేనే ఆలోచించాలి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే, గర్భిణులకు 250.

ఉప్పుకు అయోడిన్ కలపడం మన దేశంలో పనిచేస్తుందని చూపిన వాళ్లలో ముఖ్యుడు శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి పిల్లల మెడల్లో గళగండం తగ్గడాన్ని లెక్కగట్టారు. 1962లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. బయోకెమిస్ట్రీ సిలబస్‌లో ఆయన పేరు ఉండాలని నా అభిప్రాయం. మా వాళ్లలో చాలామందికి తెలియదు.

ఏప్రిల్, వైవా

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రెండు ప్రశ్నలే గట్టిగా అడిగారు. మొదటిది: జతకట్టని ఎంఐటీ, డీఐటీ గ్రంథిలో ఏమవుతాయి? ఇది మేం ఊహించినదే. థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రొటీన్ మీదే ఈ అయోడిన్ ఎక్కడాలు, జతకట్టడాలు అన్నీ జరుగుతాయి. ఆ ప్రొటీన్‌ను కణం ముక్కలు చేసినప్పుడు టీ3, టీ4తో పాటు మిగిలిపోయిన ఎంఐటీ, డీఐటీ కూడా ఊడివస్తాయి. వాటి మీది అయోడిన్‌ను ఒక డీహేలోజినేజ్ ఎంజైమ్ ఊడబీకి మళ్లీ వాడకానికి పంపుతుంది. ఆ ఎంజైమ్ జన్యువు పాడైన కుటుంబాలను 2008లో గుర్తించారు. వాళ్లలో ఎంఐటీ, డీఐటీ మూత్రంలో కొట్టుకుపోతాయి, అయోడిన్ కరువై గళగండం వస్తుంది.

రెండోది: "మీ గొట్టంలో ఎంఐటీ, డీఐటీ రెండూ ఉన్నాయి కదమ్మా, టీ3 ఎందుకు రాలేదు?" జోడీ నా వైపు చూసింది, నేను సార్ వైపు చూశాను, సార్ ఫ్యాన్ వైపు చూశారు. చివరికి జోడీయే చెప్పింది. నీళ్లలో విడివిడిగా తిరిగే అణువులు ఒకదాన్నొకటి సరైన వాటంలో కలవడం అరుదు. థైరోగ్లోబ్యులిన్ మీద అయితే దాత, గ్రహీత టైరోసిన్లు మడతల వల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాయి. అందులో ముఖ్యమైనది గొలుసు మొదట్లోనే ఐదో స్థానంలో ఉన్న టైరోసిన్, థైరాక్సిన్ ఎక్కువగా అక్కడే పుడుతుంది. అంత పెద్ద ప్రొటీన్‌లో వందకు పైగా టైరోసిన్లున్నా హార్మోన్‌గా మారేవి కొన్నే.

"అయితే ప్రొటీన్ మీద చేసి చూపించాల్సింది" అన్నారాయన, మార్కులు వేస్తూ.

జూనియర్లకు అదే అప్పగించాం. జనవరిలో గుడ్డలో వడకట్టి పారేసిన కేసిన్‌నే ఈసారి ఉంచుకుని, దానికి అయోడిన్ పట్టించి, క్షారంలో పొదగబెట్టి, టీ4 కోసం టీఎల్‌సీ పెట్టాలి. మిగిలిన ఎంజైమ్ గొట్టాలు డీప్ ఫ్రీజర్ రెండో అరలో ఉన్నాయి, తేదీలు రాసి ఉన్నాయి. కొన్న ఎంఐటీ పొడి ఫాయిల్ చుట్టిన సీసాలో పక్కనే ఉంది. వెలుతురు తగలనీయకండి. పాలకు వచ్చే ఏడు కొత్త ఇల్లు వెతుక్కోవాలి, లేదా ప్యాకెట్ పాలు వాడుకోవచ్చు.